తగ్గిందని రాసిన వార్త

నాకు పిల్లలంటే ప్రాణమని ఎవరైనా అనుకుంటే అది వాళ్ళ ఖర్మ.

వికారాబాద్‌లో మా పిల్లల ఆసుపత్రి మొదటి అంతస్తులో, ఎక్స్‌రే గది పక్కన, ఇరుకు గది ఒకటుంది. ‘ఇంద్రమ్మ గ్రంథాలయం’ అని బోర్డు. లోపల నాలుగు బీరువాలు, ఒక తోపుడు బండి, ఎనిమిది వందల పైచిలుకు పుస్తకాలు, నేను. పేరు మొగులప్ప. ఊరు దౌల్తాబాద్. ముప్పై ఏళ్ళు బడిలో అటెండరుగా చేసి, రిటైరయ్యాక ఇక్కడ చేరాను. రోజూ బండి తోసుకుంటూ మంచాల దగ్గరికి వెళ్ళి పుస్తకాలు ఇవ్వాలి, సాయంత్రం వసూలు చేసుకోవాలి. ఇవ్వడం సులువే. వసూలు దగ్గరే నా నోరు లేస్తుంది. బిస్కెట్ పొడి వేళ్ళతో పుటలు తిప్పుతారు. తల్లులు పుస్తకాలతో విసురుకుంటారు. ఒక ఆయా అయితే కొత్త పుస్తకం మీద టీ గ్లాసు పెట్టింది. అరిస్తే, “గ్లాసేమన్న సదువుతున్నదా, ఊకో తాతా” అని నవ్వింది. ఆమెతో ఇప్పటికీ మాట్లాడను.

నాకో నియమం ఉంది. తలసీమియా పిల్లలకు ఒంట్లో రక్తం నిలవదు. మూడు వారాలకొకసారి వచ్చి ఎక్కించుకుని పోవాలి, బతికినన్నాళ్ళూ. ఎక్కించే ఆ నాలుగు గంటల్లో వాళ్ళు ఏ పుస్తకం చదువుతారో అది మళ్ళీ వాళ్ళు వచ్చేదాకా ఇంకెవరికీ ఇవ్వను. పేరు, ఆగిన పేజీ రాసిన చీటీ అందులో పెట్టి నా బల్ల సొరుగులో దాస్తాను. చీటీ పిల్లలే రాయాలి. అక్షరాలు వంకరపోతే చించి మళ్ళీ రాయిస్తాను.

నిరోషా చేత ఎన్నిసార్లు రాయించానో లెక్కలేదు. తొమ్మిదేళ్ళ పిల్ల, తాండూరు అవతల కరణ్‌కోట నుంచి వచ్చేది. పుల్లలాంటి చేతులు, మిరపకాయలాంటి నోరు. సముద్రం గురించి రెండు వందల పేజీల లావు పుస్తకం పట్టుకుంది. ఏడు సార్లు రక్తం ఎక్కేసరికి నూట నలభై ఒకటో పేజీకి వచ్చింది. రాగానే ముందు సూదిని కాదు, నన్నే చూసేది.

“నా పుస్తకం ఎవలన్న ముట్టిన్రా తాతా?”

“ముడితే చేతులు ఇరగ్గొడ్త. నువ్వు ఫస్టు చేతులు కడుక్కొని రా పో.”

“నేను కడుక్కున్న. నువ్వే కడుక్కోలే, సున్నం అంటింది సూడు.”

అలా ఉండేది మా వ్యవహారం.

ఈ గదిని పెట్టించింది తాండూరులో బండల పాలిష్ యూనిట్లున్న ఒక రెడ్డిగారి కుటుంబం. ఇంద్రమ్మ వాళ్ళ పెద్దావిడ. ఆమె మనవడు శ్రీకాంత్ ట్రస్టు పనులు చూస్తాడు. నా వయసులో సగం లేడు, నేను సార్ అనాలి. నెలనెలా ‘గ్రంథాలయం కబుర్లు’ అని ఒక కాగితం అచ్చువేసి, వాట్సాప్‌లో కూడా పంపుతాడు. అందులో రాసేది నేను. కొత్తగా వచ్చిన పుస్తకాలు ఎన్ని, ఏ వార్డులో ఏది ఎక్కువ చదివారు, ఎవరు చించారు, అన్నీ ఉన్నదున్నట్టు రాసేవాణ్ణి. ఆరు నెలలు అలాగే నడిచింది. ఏడో నెల ఆ కాగితాన్ని నా బల్ల మీద పారేసి అన్నాడు:

“ఏంది మొగులప్పా ఇది? చిరిగినవి పద్నాలుగు, పోయినవి ఆరు. ఇది చదివితే ఎవడన్న రూపాయి ఇస్తడా? ఒక మంచి ముచ్చట రాయి. ఒక పిల్ల బాగైంది అని రాయి. ఆ సముద్రం పుస్తకం పిల్ల ఉంది గదా, ఫొటోల మంచిగ నవ్వింది.”

“ఆ పిల్లది తగ్గే రోగం కాదు సార్.”

“చదువుతుంటే జర ధైర్యం వచ్చిందని రాయి.”

అంతవరకు నిజమే కదా అని రాశాను. ‘పుస్తకం చేతిలో ఉంటే నిరోషాకు సూది నొప్పి తెలియదు’ అని. రెండు రోజులకు అచ్చుకు ముందు కాపీ చూడమని పంపాడు. రంగుల కాగితం. సగం పేజీ నిరోషా నవ్వు. కింద నా వాక్యం లేదు. ‘పుస్తకాల సాంగత్యంతో నిరోషా పూర్తిగా కోలుకుంది’ అని ఉంది. దాని కింద, నా జీవితంలో మొదటిసారి, అచ్చులో నా పేరు. ‘కథనం: మొగులప్ప.’

ముప్పై ఏళ్ళు నేను మోసిన ప్రతి కాగితం మీదా వేరేవాళ్ళ పేరే ఉండేది. ఆ నల్లటి అక్షరాల వైపు ఎంతసేపు చూశానో. పై వాక్యం కూడా చూశాను. చూడలేదని చెబితే అబద్ధం. ఎవరు పట్టించుకుంటారులే అనుకున్నాను. ‘ఓకే సార్’ అని పంపాను.

తరవాతి విడతకు నిరోషా రాలేదు. మూడు వారాలు దాటాయి, నాలుగు దాటాయి. నాకు ఒళ్ళు మండింది. పుస్తకం సొరుగులో ఊరికే పడి ఉంది, డెంగీ వార్డులో ఇద్దరు పిల్లలు దాన్నే అడుగుతున్నారు. వేరే ఆసుపత్రికి మారారేమో, చెప్పాలన్న ఇంగితం కూడా లేదు అని నర్సు ముందు నోరు పారేసుకున్నాను. ఆమె మామూలుగా ఫోన్ చేసి కనుక్కోవచ్చు. నేనూ చేయవచ్చు. ఎవరమూ చేయలేదు.

అయిదో వారం శనివారం పొద్దున బండి తోసుకుంటూ వార్డులోకి వెళ్ళేసరికి కిటికీ పక్క మంచం మీద నిరోషా పడుకుని ఉంది. ముక్కుకు ఆక్సిజన్ గొట్టం. పెదవులు తెల్లకాగితంలా ఉన్నాయి. ఊపిరి తీసినప్పుడల్లా గొంతు కింద గుంట పడుతోంది. నన్ను చూసి కళ్ళు మూసుకుంది. పక్కన నిలబడ్డ వాళ్ళమ్మ రెబెక్క మాత్రం మూసుకోలేదు.

“వచ్చిండమ్మా పేపర్ రాసే సారు,” అని వార్డంతా వినపడేలా అంది. “రా. నా బిడ్డకు పూర్తిగ తగ్గింది గదా, సూడు ఎట్ల తగ్గిందో. సూడు!”

“ఏమైంది, ఇన్ని రోజులు ఎటువోయిన్రు?” అని నేనూ గొంతు పెంచాను.

ఆమె నా చొక్కా పట్టుకుంది. అరవై రెండేళ్ళ వయసులో నా చొక్కా ఒక ఆడమనిషి పట్టుకోవడం అదే మొదలు.

ఆమె ఏడుస్తూ తిడుతూ చెప్పింది. నిరోషాది బి నెగెటివ్ రక్తం. దొరకడం కష్టం. వాళ్ళ చర్చిలో, ఊరి సిమెంటు ఫ్యాక్టరీలో వెతికి వెతికి అయిదుగురు మగవాళ్ళను పట్టుకుంది. ఒకసారి ఇచ్చిన మనిషి మళ్ళీ మూడు నెలలదాకా ఇవ్వకూడదు కాబట్టి వంతులు వేసుకున్నారు. మూడు వారాలకొకరు. అయిదో మనిషి ఇచ్చేసరికి మొదటి మనిషి మళ్ళీ సిద్ధం. మూడేళ్ళుగా ఒక్క వంతు తప్పలేదు. ఆ వంతులే ఆ పిల్ల ప్రాణం. ఇంతలో నా కబుర్లు వాట్సాప్‌లో తిరిగి తిరిగి చర్చి పెద్ద యోబు ఫోన్లోకి వెళ్ళాయి. ఆదివారం సాక్ష్యాల వేళ, అంటే దేవుడు తమకు చేసిన మేలు గురించి మనుషులు లేచి చెప్పుకునే వేళ, ఆయన నిరోషాను ముందు నిలబెట్టాడు.

“దాంతోనే సదివిపిచ్చిండు,” అంది రెబెక్క. “నా బిడ్డ గింత కూడ తప్పు లేకుంట సదివింది. ‘నిరోషా పూర్తిగా కోలుకుంది’ అని దాని నోటితోనే సదివింది. అందరు సప్పట్లు కొట్టిన్రు. నేను లేచి తగ్గలే అంటె, గట్ల అనకు, నీకు విశ్వాసం తక్కువ అన్నరు. ఇంటికొచ్చినంక పొల్ల ఎగిరింది దుంకింది, ‘మా మొగులప్ప తాత రాసిండు, తాత ఉత్తగ రాయడు’ అని. నాక్కూడ ఒక్క దినం ఆశ పుట్టింది. నీ నోట్ల మన్నువొయ్య, నాక్కూడ!”

నాకు తల కొట్టేసినట్టయింది.

ఈసారి వంతు నవీన్‌కుమార్‌ది. ఆ యోబు కొడుకే. రెబెక్క నాలుగుసార్లు ఫోన్ చేస్తే, “దేవుడు బాగుచేసినంక మల్ల రక్తమెందుకక్కా” అని పెట్టేశాడట. మిగతావాళ్ళలో ముగ్గురికి మూడు నెలలు నిండలేదు, నాలుగో మనిషి డేవిడ్ ఫోన్ ఎత్తలేదు. పొద్దున పరీక్ష చేస్తే, కనీసం తొమ్మిదుండాల్సిన హిమోగ్లోబిన్ నాలుగు పాయింట్ ఎనిమిది. ఆసుపత్రివాళ్ళు ఇక్కడి బ్లడ్ బ్యాంకుకు, తాండూరుకు, హైదరాబాద్‌కు ఫోన్లు చేస్తూనే ఉన్నారు. అందరిదీ ఒకే జవాబు: బి నెగెటివ్ లేదు, ఇచ్చే మనిషిని తెచ్చుకోండి. డాక్టరమ్మ నన్ను పక్కకు పిలిచి, సోమవారం దాటితే గుండె తట్టుకోదని చెప్పింది.

శ్రీకాంత్‌కు ఫోన్ చేశాను. ఆ వార్త తప్పని వెంటనే గ్రూపులో పెట్టమన్నాను.

“పరేషాన్ కాకు. మొన్ననే దాతల మీటింగ్‌ల ఆ ఫొటోనే చూపిచ్చినం. ఇప్పుడు అబద్ధమని పెడితే మా నాయనమ్మ పేరు ఏం గావాలె?”

“పిల్ల ఏం గావాలె సార్?”

“రక్తం గిట్ల డాక్టర్లు చూసుకుంటరు. నీది పుస్తకాల పని. నువ్వు ఓకే అన్నంకనే అచ్చేసినం, యాది పెట్టుకో. ఎక్కడికన్న పోయి నోరు జారినవనుకో, సోమవారం తాళంచెవి సిస్టర్‌కిచ్చి ఇంటికి పో.”

యాది పెట్టుకోమని అతను చెప్పనక్కర్లేదు. మిగతావాటికి వాణ్ణి తిట్టగలను, ఆ ఒక్క మాటకే తిట్టలేకపోయాను.

ఆదివారం పొద్దున రైల్లో తాండూరు వెళ్ళి, అక్కడినుంచి కరణ్‌కోట ఆటో ఎక్కాను. జేబులో నిరోషా పరీక్ష కాగితం, డాక్టరమ్మ రాసిచ్చిన రక్తం చీటీ. దారంతా బండల దుకాణాలు, తెల్లటి దుమ్ము. చర్చి రేకుల షెడ్డు. ఒకవైపు ఆడవాళ్ళు, ఒకవైపు మగవాళ్ళు చాపల మీద కూర్చున్నారు. నేను నుదుటన విభూతితో లోపలికి వస్తుంటే తలలన్నీ తిరిగాయి. వెనక గోడకు ఆనుకుని కూర్చున్నాను. పాటలు అయ్యాయి. ఒకామె తప్పిపోయిన బర్రె దొరికిందని చెప్పింది. ఒకతను తాగుడు మానానని చెప్పాడు. తెల్లచొక్కా వేసుకున్న పెద్దమనిషి, యోబు, మైకు పట్టుకుని అడిగాడు:

“ఇంకెవలన్న సాక్ష్యం చెప్పేటోళ్ళు ఉన్నరా?”

నేను లేచాను. సిగ్గు లేదు చెప్పడానికి, భయమేసింది.

“నేను చెప్తా. నా పేరు మొగులప్ప. నిరోషాకు తగ్గిందని పేపర్ల రాసింది నేనే.”

కొందరు చప్పట్లు మొదలుపెట్టారు. యోబు ముఖం వెలిగింది. “రా, ముందటికి రా అన్నా” అన్నాడు.

“ఆగున్రి. గా రాసింది అబద్ధం. పొల్లకు తగ్గలే. తగ్గదు కూడ. నిన్న ఆసుపత్రిల పడ్డది. రేపటికి రక్తం ఎక్కకపోతె బతకదు.”

షెడ్డంతా ఒక్కసారే రేగింది.

“కూసో!” అని యోబు అరిచాడు. మైకు కీచుమంది. “దేవుని మందిరంల నిలవడి దేవుడు చెయ్యలేదని అంటవా? ఎవలు తోలిన్రు నిన్ను?”

“మన సంఘాన్ని బద్నాం చెయ్యనీకె వచ్చిండు,” అని ఆడవాళ్ళ వైపు నుంచి ఎవరో అన్నారు. “వాని నుదురు సూడున్రి.”

“బయటికి గుంజున్రి!”

“గుంజున్రి,” అన్నాను నేనూ కోపంగా. నాకు కోపమొస్తే భయం పోతుంది, అదొక్కటే నా అదృష్టం. “గుంజే ముంగట ఇనున్రి. దేవుడేం చేసిండో నాకు తెల్వదు, అది మీ ముచ్చట. నేనేం రాసిన్నో నాకు తెలుసు. దాని కింద నా పేరు అచ్చు పడతదని రాసిన. ఇంతే. మీ దేవునికి దాంతోని సంబంధం లేదు. ఇగో కాయితం. నిన్నటి తారీఖు. నాలుగు పాయింట్ ఎనిమిది. నవీన్‌కుమార్ ఎవలు?”

ఎవరూ లేవలేదు. ఇద్దరు కుర్రాళ్ళు నా రెక్కలు పట్టుకున్నారు. గుమ్మందాకా ఈడ్చారు కూడా. అప్పుడు మగవాళ్ళ వరసలోంచి ఫ్యాక్టరీ టీషర్టు వేసుకున్న మనిషి లేచి వచ్చాడు. ముప్పై ఏళ్ళుంటాయి.

“ఆ కాయితం ఇటియ్యి.”

చదివాడు. రెండోసారి చదివాడు. తరవాత నా కాలరు పట్టుకుని గోడకేసి నొక్కాడు. రెండు రోజుల్లో రెండోసారి నా చొక్కా.

“మా నాయినతోని అబద్ధం చెప్పిపిచ్చినవ్. గా పసిపొల్లతోని సదివిపిచ్చినవ్. నాతోని ఫోన్ పెట్టేపిచ్చినవ్. నిన్నేం జెయ్యాలె?”

“తర్వాత ఏమన్న చెయ్యి. ముందుగాల నడువ్.”

“నవీన్! ప్రార్థన కాలే,” అని వెనకనుంచి యోబు పిలిచాడు. కానీ ఆ గొంతులో ఇందాకటి జోరు లేదు. మైకు కిందికి జారింది.

“నువ్వు చెయ్ నాయినా. నేను పోయొస్త.”

అతని బైకు మీద వికారాబాద్ బయలుదేరాం. గుంతలన్నీ వెతికి వెతికి వాటి మీదే పోనిచ్చాడని నా అనుమానం. నా నడుము విరిగింది. అడిగే హక్కు లేదని వెనక కమ్మీ పట్టుకుని కూర్చున్నాను. బ్లడ్ బ్యాంకులో సూది గుచ్చి, గొట్టం నిండుతున్నప్పుడు కళ్ళు మూసుకునే అన్నాడు:

“మూడు వారాలకు డేవిడ్ వంతు. వానికి కూడ తగ్గిందనే తెల్సు. ఆని కాడికి నువ్వే పో. నేను కాలర్ పట్టిన. వాడు పండ్లు రాలగొడతడు.”

“పోత.”

“అయిదుగురి కాడికీ పో.”

“పోత అంటున్న గదా!”

అతను నవ్వలేదు. ఇచ్చిన బిస్కెట్ ప్యాకెట్ కూడా నా వైపు చూడకుండా జేబులో పెట్టుకుని వెళ్ళిపోయాడు.

సోమవారం మధ్యాహ్నానికి పరీక్షలన్నీ అయి రక్తం ఆసుపత్రికి వచ్చింది. నేను వచ్చేసరికే నర్సుకు శ్రీకాంత్ ఫోన్ చేసి ఉన్నాడు. తాళంచెవి ఇవ్వమని ఆమె చేయి చాచింది. కరణ్‌కోట ముచ్చట అప్పటికే తాండూరంతా పాకింది కాబోలు. ఇస్తా ఆగమ్మా అని విసుక్కుని, సొరుగులోంచి సముద్రం పుస్తకం తీసుకుని వార్డులోకి నడిచాను. ముందు రోజు ఆటోలోనూ, చర్చిలోనూ పడని బరువు ఆ ఇరవై అడుగుల్లో నా మీద పడింది.

గొట్టంలో ఎర్రటి చుక్క ఒక్కొక్కటే దిగుతోంది. పెదవులకు ఇంకా రంగు రాలేదు. రెబెక్క నన్ను చూసి మొహం తిప్పుకుని కిటికీ దగ్గరికి పోయింది. నేను పుస్తకం మంచం మీద పెట్టాను. నిరోషా దాన్ని ముట్టలేదు.

“నాకు తగ్గిందా, తగ్గలేదా?” అని అడిగింది.

రెండు వందల మంది ముందు చెప్పిన మాటే. ఈసారి మంచం పక్కన కూర్చుని చెప్పాను.

“తగ్గలే బిడ్డా.”

“ఎప్పుడు తగ్గుతది?”

“తగ్గదు. మూడు వారాలకొక్కసారి ఎక్కియ్యాలె. ఎప్పటికి.”

“మరి ఎందుకు రాసినవ్?”

“నా పేరు అచ్చుల పడతదని.”

ఆ పిల్ల పైకప్పు వైపు చూస్తూ ఉండిపోయింది. కంటి పక్కనుంచి నీళ్ళు చెవిలోకి కారుతున్నాయి, తుడుచుకోలేదు. నేను తుడవబోతే తల అటు తిప్పేసింది. తిట్టినా బాగుండేది. అందరూ తిట్టారు, ఈ పిల్ల తిట్టకపోతే నేను చచ్చిపోతాననిపించింది.

“గా పుస్తకం ఎవలికన్న ఇచ్చెయ్,” అంది చివరికి.

“నీ చీటీ ఉంది గదా అందుల. నూట నలభై ఒకటి.”

చుక్కలు దిగుతూనే ఉన్నాయి. ఉన్నట్టుండి ఇటు తిరిగింది.

“కాయితం తీయ్.”

“ఎందుకు?”

“తీయ్ అంటున్న గదా. రాయి. నా ముంగటనే రాయి.”

జేబులోంచి కాగితం, పెన్ను తీశాను. మంచం అంచు మీద సముద్రం పుస్తకం పెట్టుకుని, దాని మీద కాగితం పరిచాను. ఆమె చెప్పింది, మధ్యమధ్య ఊపిరి కోసం ఆగుతూ.

“గ్రంథాలయం కబుర్లు అని మీద రాయి. కింద రాయి. నిరోషాకు తగ్గలేదు. మూడు వారాలకొకసారి రక్తం కావాలె. బి నెగెటివ్. మొన్నటి పేపర్ల ఉన్నది ఉత్తది. రాసినవా?”

“రాసిన.”

“దర్వాజకాడ అంటియ్యాలె. మా చర్చి దర్వాజకు కూడ.”

“అంటిస్త.”

“నీ పేరు రాయి కింద.”

రాశాను. కాగితం లాక్కుని మొహం దగ్గరగా పెట్టుకుని మొదటినుంచి చివరిదాకా వేలుపెట్టి చదివింది. చర్చిలో కూడా అలాగే చదివి ఉంటుంది. నా పేరు దగ్గర వేలు ఆగింది.

“అక్షరాలు వంకరవోయినయ్,” అంది. “చించేసి మల్ల రాయి.”

చించేసి మళ్ళీ రాశాను.